చూసిన ఇల్లు, చేతికొచ్చిన ఇల్లు

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇల్లు కొనుక్కోబోయే కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో ఒక సివిల్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్‌కి వెళ్లే వేళ ఇలా వచ్చి కూర్చున్నారు. సంతోషం.

నన్ను పిలిచినవాళ్లు లింకు డాక్యుమెంట్ల గురించి, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజుల గురించి, ఆస్తిమీద లావాదేవీలు చూపే ఈసీ గురించి చెప్పమన్నారు. అవి ముఖ్యమే. కానీ వాటి గురించి మీకు బ్యాంకు లాయరు చెబుతాడు, డాక్యుమెంట్ రైటరు చెబుతాడు, మధ్యవర్తి కూడా చెబుతాడు. ఈవేళ నేను వేరే సంగతి ఎంచుకున్నాను. టైటిల్ బాగానే ఉంది, లోను వచ్చింది, రిజిస్ట్రేషన్ సాఫీగా అయిపోయింది. తాళం తీసి లోపలికి వెళ్తే గోడమీద గీజరు ఉండాల్సిన చోట రెండు బోల్టులు, రెండు పైపుల చివరలు ఉంటాయి. దాని గురించి మాట్లాడతాను. ఇది చిన్న సంగతి అనుకుంటారు. ఈ చిన్న సంగతి మీద కొత్తింట్లో మొదటి నెలంతా ఏడ్చినవాళ్లను నేను చూశాను.

ఏమేం పోతాయో నా దగ్గరికి వచ్చిన కేసుల్లోంచే చెబుతాను. ముందు గీజర్లు. తరవాత వంటింటి చిమ్నీ, దాని కింద బిగించిన పొయ్యి. పడకగదుల్లో ఏసీలు. పూజగది టేకు తలుపులు, వాటికున్న గంటలతో సహా. దోమల మెష్ డోర్లు. కర్టెన్ రాడ్లు. మంచి ఇత్తడి కుళాయిలు విప్పుకుని వాటి చోట ప్లాస్టిక్ కుళాయిలు పెట్టి వెళ్తారు. నీళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి చాలా రోజులు ఎవరూ గమనించరు. స్విచ్‌లదీ అదే కథ. ఇండిపెండెంట్ ఇల్లయితే బోరు మోటారు, స్టార్టరు, మేడమీద ట్యాంకు. పెందుర్తి వైపు ఒక ఇంటికి వీధి గేటే విప్పుకుపోయారు.

మనది సముద్రం పక్కన ఊరు. ఉప్పుగాలికి ఇనుము ఎంతోకాలం ఆగదు. అందుకని జాగ్రత్తపరులు స్టెయిన్‌లెస్ స్టీలు గ్రిల్లు, యూపీవీసీ కిటికీలు పెట్టించుకుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో కిటికీలు ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు గట్టి కిటికీలున్న ఫ్లాటంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇస్తారు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మన కళ్లు వీటిమీదే ఉంటాయి. వంటిల్లు బాగుందా, అల్మరాలు సరిపోతాయా, బాత్రూముల్లో మంచి ఫిట్టింగులు వేశారా. బేరం వీటిని చూసే కుదురుతుంది. తీరా కాగితం రాసేటప్పటికి అందులో ఏముంటాయి? చదరపు అడుగులు, నాలుగు హద్దులు, అవిభక్త భూమి వాటా, కారు పార్కింగు. బేరమాడింది ఒకదానికి, రాసుకుంది ఇంకోదానికి. గొడవంతా ఇక్కడే పుడుతోంది.

ఒక్క కేసు వివరంగా చెబుతాను. వాళ్ల అనుమతితోనే చెబుతున్నాను, గుర్తుపట్టే వివరాలు మాత్రం చెప్పను. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బుతో కూర్మన్నపాలెం దగ్గర పాత ఫ్లాటు ఒకటి చూసుకున్నారు. ఆవిడకి వంటిల్లు నచ్చింది. ఉక్కునగరం క్వార్టర్లో అన్నేళ్లు వంటచేసిన మనిషికి ఆ మాడ్యులర్ కిచెను, బుట్టల్లా బయటికి జారే సొరుగులు, మూల అల్మరా చూసేసరికి మరో ఇల్లు చూడబుద్ధి కాలేదు. అడ్వాన్సు ఇచ్చారు. అగ్రిమెంటు రాసుకున్నారు. రిజిస్ట్రేషన్‌కి రెండు నెలలు గడువు. అమ్మేవాళ్లు బెంగళూరు వెళ్లిపోతున్నారు. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం తాళాలిచ్చారు. వెళ్లి చూస్తే వంటింట్లో గ్రానైట్ బల్ల ఉంది, దాని కింద ఖాళీ. సొరుగులు లేవు, తలుపులు లేవు, గోడ అల్మరాలు లేవు. స్క్రూలు పీకిన చోటల్లా టైల్సు పగిలి ఉన్నాయి.

మధ్యవర్తికి ఫోను చేస్తే ఏమన్నాడో తెలుసా? ‘ఏటండీ, ఇల్లు ఇల్లులా ఉంది కదా, చెక్కముక్కలకి పంచాయితీ ఏటి?’ అన్నాడు. ఆవిడ నా ఆఫీసులో కూర్చుని ఒకటే మాట అన్నారు: ‘ఆ వంటిల్లు చూసేనండీ నేను ఊఁ అన్నాను.’

అమ్మినాయనకి నోటీసు పంపితే జవాబిచ్చాడు. వుడ్ వర్కు తను వేరే డబ్బు పెట్టి చేయించుకున్నాడట, బిల్లులు తన పేరుమీదే ఉన్నాయట, బిల్డరు ఇచ్చిన ఫ్లాటులో అవి లేవట. కాబట్టి తనవేనట. ఆయన దొంగ అని నేననను. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. మనలో చాలామంది అమ్మేవైపు ఉన్నప్పుడు అలాగే నమ్ముతాం. నా డబ్బుతో కొన్నది, నా చేత్తో బిగించింది, నాది కాక ఎవరిది? నమ్మకం నిజమే కావచ్చు, చట్టం మాత్రం అలా చెప్పదు.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మనకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. అందులో సెక్షన్ 8. ఆస్తి బదిలీ చేసినప్పుడు, వేరే ఉద్దేశం చెప్పుకుంటే తప్ప, దానితోపాటు ఏమేం వెళ్లిపోతాయో అందులో ఉంది. ఇల్లయితే తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంకా ఆ ఇంటితో కలిపి శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చిన వస్తువులన్నీ. నూట నలభై ఏళ్ల కిందట, కరెంటు కూడా లేని ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవాళ్లు తాళంచెవితో సహా రాశారు. గీజరు గురించి రాయలేదంటే అప్పటికి మన ఇళ్లలో గీజర్లు లేవు కాబట్టి. ‘శాశ్వత వాడకానికి అమర్చినవన్నీ’ అన్నారు చూశారూ, మన గొడవలన్నీ అక్కడికే వచ్చి ఆగుతాయి.

అదే చట్టంలో సెక్షన్ 3 భూమికి అతుక్కున్నవి మూడు రకాలని చెబుతుంది. చెట్టులా వేళ్లతో పాతుకున్నవి ఒకటి. గోడలా భూమిలో నాటుకున్నవి రెండోది. ఆ గోడని శాశ్వతంగా, బాగా అనుభవించడం కోసం గోడకి తగిలించినవి మూడోది. మూడోదాన్ని జాగ్రత్తగా వినండి. ఎంత గట్టిగా బిగించారన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఎందుకు బిగించారన్నది కూడా చూడాలి. ఇల్లు ఇల్లుగా బాగుండటానికా, లేక ఆ వస్తువు పనిచెయ్యడానికా?

ఈ తేడాని 1872లో ఇంగ్లండులో హాలండ్ వర్సెస్ హాడ్జ్‌సన్ అనే కేసులో జడ్జి బ్లాక్‌బర్న్ చాలా బాగా చెప్పాడు. హార్బరు ఉన్న ఊరు కాబట్టి మనకి తేలిగ్గా అర్థమవుతుంది. ఓడ లంగరు వేస్తే అది నేలలో ఎంత లోతుగా దిగినా నేలలో భాగం కాదు, ఓడదే. అదే లంగరుని వేలాడే వంతెన గొలుసుని పట్టి ఉంచడానికి నేలలో పాతితే అది నేలలో భాగమైపోతుంది. లంగరు అదే, నేల అదే, పాతిన లోతు అదే. మారింది ఎందుకు పాతారన్నదే.

మన సుప్రీంకోర్టు కూడా ఈ దారిలోనే నడిచింది. సిర్పూర్ పేపర్ మిల్స్ కేసులో కాగితం తయారుచేసే యంత్రాన్ని కాంక్రీటు దిమ్మె మీద బిగించారు కాబట్టి అది స్థిరాస్తి అన్న వాదన వచ్చింది. కదలకుండా, ఊగకుండా పనిచెయ్యడానికి బిగించినంత మాత్రాన యంత్రం స్థిరాస్తి అయిపోదని కోర్టు చెప్పింది. అది ఎక్సైజు సుంకం కేసే, ఇంటి కేసు కాదు. అయినా సూత్రం మనకి పనికొస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లోకి రండి. తలుపులు, ద్వారబంధాలు, కిటికీలు, గ్రిల్లు, గేటు, కుళాయిలు, వాష్ బేసిన్లు, కమోడ్లు, స్విచ్ బోర్డులు, గోడలోని వైరింగు, ట్యాంకు: వీటిలో సందేహం లేదు, ఇంటితో వస్తాయి. గోడలో అమర్చిన అల్మరాలు, మాడ్యులర్ కిచెను ఇంటివేనని నేను గట్టిగా వాదిస్తాను. ఆ గది కొలతకి కోసి చేసినవి అవి, ఇంకో ఇంట్లో సరిగ్గా కూర్చోవు కూడా. 1996లో ఇంగ్లండు అప్పీలు కోర్టు బోథమ్ కేసులో ఒక ఫ్లాటు సామానంతా ఇలాగే ఒక్కొక్కటి తీసి చూసింది. వంటింట్లో అమర్చిన అల్మరాలు, సింకు, బాత్రూము కుళాయిలు, టవల్ రాడ్లు, సబ్బుపెట్టెలు ఇంట్లో భాగమంది. కర్టెన్లు, తివాచీలు, వేలాడే లైట్లు, వంటింటి యంత్రాలు కావంది. అది మన కోర్టులు కట్టుబడాల్సిన తీర్పు కాదు, కానీ ఆలోచన ఎలా నడవాలో చూపిస్తుంది.

గీజరు, ఏసీ, చిమ్నీ, ఫ్యాన్లు, ఇన్వర్టరు. అసలు తగాదా వీటి దగ్గరే. చాలావాటిని విప్పితే గోడ చెడదు. ఇంకో ఇంట్లో అంతే బాగా పనిచేస్తాయి. అమ్మేవాళ్లు ‘ఇవి నా వస్తువులు’ అంటే ఆ వాదనకి బలం ఉంటుంది. కొనేవాళ్లు ‘ఇవి చూపించే అమ్మారు’ అంటే దానికీ బలం ఉంటుంది. ఫ్యాన్లు తీసుకెళ్లడం మన వైపు మామూలే, చాలామంది పట్టించుకోరు. స్ప్లిట్ ఏసీ అలాకాదు. రాగి పైపు గోడలోంచి వేసి, పైన సీలింగు మూసేస్తారు. లోపలి యూనిట్టు విప్పితే పైపు దెబ్బతినొచ్చు, గోడకి బొక్క మిగులుతుంది. కోర్టులో ఇలాంటివి ఏవైపు తేలతాయో ముందే చెప్పగలనని ఏ లాయరన్నా అంటే నమ్మకండి. నేనైతే వీటిని కోర్టు దాకా రానివ్వొద్దంటాను. రాసుకోండి. సెక్షన్ 8లోనే ‘వేరే ఉద్దేశం చెప్పుకుంటే తప్ప’ అనుంది. అంటే మీరిద్దరూ ఏది రాసుకుంటే అదే చెల్లుతుంది. చట్టం మీ చేతికే కలం ఇచ్చింది.

ఎప్పుడు రాసుకోవాలి? అడ్వాన్సు ఇచ్చే రోజున. రిజిస్ట్రేషన్ రోజున కాదు. ఈ సాయంత్రం నేను ఇంత దూరం వచ్చింది ఈ ఒక్కమాట చెప్పడానికే. అడ్వాన్సు ఇచ్చేదాకా అమ్మేవాళ్లకి మీరు కావాలి. ‘ఏసీలు ఉంచుతారా?’ అని అప్పుడడిగితే ‘తప్పకుండా, మాకెందుకండీ’ అంటారు. ఆ మాట నిజంగానే అంటారు. రెండు నెలల తరవాత కొత్త ఊళ్లో కొత్త ఏసీ ధర తెలిశాక ఆ మాట ఎవరికీ గుర్తుండదు. ‘మాకెందుకు’ అన్నమాటని అప్పటికప్పుడు కాగితం మీద పెట్టించండి.

పూర్వం మన దస్తావేజులు చూశారా? మా సీనియరు గారి దగ్గర పాత క్రయదస్తావేజులు చదువుతుంటే ముచ్చటేసేది. జల తరు పాషాణ నిధి నిక్షేపాలు, అష్టభోగ స్వామ్యాలతో సహా మీ స్వాధీనం చేశాం అని రాసేవారు. నేలలోని నీరు, చెట్టు, రాయి, ఇంకా దొరకని నిధితో సహా. ఇప్పుడు లక్షలు పోసి ఫ్లాటు కొంటూ వంటిల్లు గురించి ఒక్క ముక్క రాయించుకోం. అగ్రిమెంటు వెనక ఒక పేజీ చేర్చండి. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అని ఒక వాక్యం రాసి ఊరుకోకండి, ఉన్నదేమిటో ఆ వాక్యంలో ఉండదు. గది గదికీ రాయండి. పడకగదిలో ఏసీ ఒకటి, కంపెనీ పేరు, ఎన్ని టన్నులు. బాత్రూములో గీజరు, ఎన్ని లీటర్లు. వంటింట్లో చిమ్నీ, కింద అల్మరాలు ఎన్ని తలుపులవి. కుళాయిల కంపెనీ కూడా రాయండి, ఎందుకంటే కుళాయి ఉంచి రకం మారుస్తారు. అమ్మేవాళ్లు తీసుకెళ్లేవి కూడా అదే పేజీలో రాయండి. అది వాళ్లకీ మేలు. ఊయల బల్ల అమ్మమ్మది, తీసుకెళ్తాం అని ఉంటే ఆరోజే తెలుస్తుంది, ఎవరికీ కష్టం ఉండదు. తీసిన చోట గోడ బాగుచేసి ఇవ్వాలని కూడా చేర్చండి. ఇద్దరూ సంతకాలు పెట్టండి.

దానితోపాటు వీడియో. ఇల్లంతా తిరుగుతూ, అల్మరాలు తెరుస్తూ, కుళాయి తిప్పుతూ తియ్యండి. దాన్ని అమ్మేవాళ్లకి కూడా వాట్సాప్‌లో పంపండి, ‘మొన్న చూసిన ఇల్లు ఇదేనండీ’ అని. చూశామని వాళ్లు జవాబిస్తే అది మీకు సాక్ష్యం. 2023 భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచెయ్యాలి. కాబట్టి ఆ ఫోను అమ్మెయ్యకండి, వీడియో డిలీట్ చెయ్యకండి.

అడ్వాన్సుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య రోజులు ఎవరివి? అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన ఇల్లు మీది కాదు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది. కానీ అదే చట్టం సెక్షన్ 55 ప్రకారం ఆ రోజుల్లో అమ్మేవాళ్ల మీద ఒక బాధ్యత ఉంది. వివేకం ఉన్న యజమాని తన ఆస్తిని ఎలా చూసుకుంటాడో అలా ఆ ఇంటిని, దాని కాగితాల్ని చూసుకోవాలి. ఇల్లు ఖాళీచేసి వెళ్లిపోయారు, వాచ్‌మన్ లేడు, ఎవరో వెనక బాల్కనీలోంచి దిగి ఏసీల రాగి పైపులు కోసుకుపోయారు. ఈ ఊళ్లో ఇది జరిగే దొంగతనమే. అమ్మకం కాకముందు జరిగితే, సరైన జాగ్రత్త తీసుకోలేదని తేలితే, అది అమ్మేవాళ్ల నెత్తిన పడుతుంది. మరి రిజిస్ట్రేషన్ అయిపోయాక జరిగితే? అదే సెక్షన్ 55లో ఇంకో మాట ఉంది. యాజమాన్యం మీకు వచ్చేశాక, అమ్మినవాళ్ల వల్ల కాని నష్టం మీరే భరించాలి. అందుకని ‘సామాను సర్దుకుని పది రోజుల్లో తాళాలిస్తాం’ అంటే ఒప్పుకోవద్దంటాను. యాజమాన్యం మీది, తాళం వాళ్లది: అంతకంటే ఇబ్బందికరమైన పది రోజులు ఉండవు. ఒప్పుకోక తప్పకపోతే, ఆ పది రోజులకీ బాధ్యత ఎవరిదో రాయించుకోండి. తాళాలు చేతికొచ్చిన రోజునే తాళంకప్పలు మార్చెయ్యండి.

యజమాని అమెరికాలో ఉండి, బావమరిదికి జీపీఏ, అంటే తన తరఫున అమ్మే అధికార పత్రం, ఇచ్చి అమ్మిస్తుంటే ఇంకొంచెం జాగ్రత్త. యజమానికి ఇంట్లో ఏముందో గుర్తుండదు. తాళంచెవి బావమరిది దగ్గరుంటుంది, పనిమనిషి దగ్గర ఒకటుంటుంది, మధ్యవర్తి దగ్గర ఇంకోటుంటుంది. ఏదైనా పోతే ముగ్గురూ మిగతా ఇద్దరి వైపు చూపిస్తారు.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లకముందు ఆ ఇంటికి వెళ్లండి. రాహుకాలం చూసుకుంటాం కదా, ఇదీ చూసుకోండి. జాబితా చేత్తో పట్టుకుని గది గదీ తిరగండి. సంతకం పెట్టకముందు ఒక గీజరు లేదని తెలిస్తే అక్కడికక్కడే తేలిపోతుంది: తెచ్చి పెడతారు, లేకపోతే దాని ధర తగ్గిస్తారు. సంతకం పెట్టిన సాయంత్రం తెలిస్తే నా దగ్గరికి రావాలి. లోను తీసుకున్నవాళ్లకి బ్యాంకు డీడీ ఆరోజే చేతులు మారిపోతుంది, దాన్ని మీరు ఆపలేరు. మీ చేతి డబ్బులో కొంత, జాబితాలో వస్తువుల విలువకి సరిపడేంత, తాళాలు ఇచ్చినప్పుడు చెల్లించేలా ముందే ఒప్పందం రాసుకోండి. ఆ ఏర్పాటు దస్తావేజులో కూడా నిజంగా ఉన్నట్టే కనబడాలి. మొత్తం ముట్టిందని రాసి నోటిమాటగా ఆపుకుంటే రేపు మీకూ చిక్కు, వాళ్లకీ చిక్కు.

ఇన్ని చెప్పాక కూడా పోతే? ముందు పోలీసు స్టేషనుకే పరుగెడతారు. అక్కడ ‘ఇది సివిల్ వ్యవహారం’ అంటారు. కోపం వస్తుంది, కానీ చాలాసార్లు ఆ మాటలో సగం నిజం ఉంటుంది. దొంగతనం అనాలంటే మీ స్వాధీనంలో ఉన్న వస్తువు తీసుకుపోవాలి. తాళం అమ్మినవాళ్ల దగ్గరే ఉండగా, వాళ్లే విప్పుకుపోతే దొంగతనంగా నిలబెట్టడం కష్టం. తాళాలు మీకిచ్చి, దొంగ తాళంచెవితో వచ్చి పట్టుకుపోతే అది వేరు. గోడకి ఉన్నంతసేపు వస్తువు స్థిరాస్తే. విప్పిన క్షణంలో దొంగతనానికి లోబడే చరాస్తి అవుతుంది. మన శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 వివరణల్లో ఈ మాట ఉంది. అప్పుడు మీ ఫిర్యాదు పోలీసులు తీసుకోవలసిందే.

మిగతావాటికి సివిల్ దారే. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద ఒప్పందం తప్పినందుకు నష్టపరిహారం అడగొచ్చు. మూడేళ్ల గడువుంది. కానీ అరవై వేల గీజరు, చిమ్నీల కోసం దావా వేసి కోర్టు చుట్టూ తిరగమని నేను ఎవరికీ చెప్పను. ముందు నోటీసు పంపండి, వస్తువుల పేర్లు, విలువ, ఫోటోలతో. తరవాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కూర్మన్నపాలెం కేసు మేము నోటీసుల దగ్గరే ముగించాం. అమ్మినాయన వంటింటి ఖర్చులో చాలావరకు తిరిగిచ్చాడు. ఆవిడకి కొత్త వంటిల్లు వచ్చింది. ఆ పాత వంటిల్లు బెంగళూరులో ఎక్కడా అమరక అటకెక్కిందట, అది ఆయనే చెప్పాడు.

అద్దెకున్నవాళ్లు ఉండగా కొనే ఇంటి గురించి ఒక మాట. అద్దెదారు తను పెట్టించుకున్న ఏసీ, గీజరు తీసుకెళ్లొచ్చు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ఆ హక్కు ఇస్తుంది, ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతసేపే, ఇల్లు తను తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలన్న షరతుతో. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు ఏది యజమానిదో, ఏది అద్దెదారుదో అద్దెదారునే అడగండి. వాళ్లు నిజం చెబుతారు, వాళ్లకి దాచే అవసరం లేదు.

మధురవాడ, కొమ్మాది వైపు కొత్త ప్రాజెక్టుల్లో కొంటున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నట్టున్నారు. మీకు బిల్డర్లని అదుపుచేసే 2016 రెరా చట్టం ఉంది. బ్రోషర్లో, అగ్రిమెంటులో ఏ కంపెనీ ఫిట్టింగులు వేస్తామన్నారో, మీ అనుమతి లేకుండా బిల్డరు వాటిని మార్చకూడదని సెక్షన్ 14 చెబుతుంది. పని నాణ్యతలో లోపం ఉంటే స్వాధీనం తీసుకున్న ఐదేళ్ల లోపు చెప్తే, ముప్పై రోజుల్లో ఉచితంగా బాగుచెయ్యాలి. మోడల్ ఫ్లాటు చూపించి అమ్మితే, ఆ మోడల్ ఫ్లాటు వీడియో తియ్యండి.

బ్యాంకు వేలంలో కొనేవాళ్లు మాత్రం గుండె చిక్కబట్టుకోండి. ‘ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే’ అని ప్రకటనలోనే ఉంటుంది. ఇల్లు పోగొట్టుకునేవాళ్లు కోపంలో, దిగులులో తలుపులతో సహా పీకేసిన ఇళ్లు నేను చూశాను. బ్యాంకు అసలు స్వాధీనం తీసుకున్నాక మాత్రం వివేకం ఉన్న యజమానిలా కాపాడాల్సిన బాధ్యత అధీకృత అధికారిది, బాకీ కింద బ్యాంకు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం నిబంధనల్లో రూల్ 8 అదే చెబుతుంది. వేలానికి ముందు లోపల చూడనివ్వమని రాతపూర్వకంగా అడగండి. చూడనివ్వకపోతే ఇంట్లో ఏమీ లేదనుకునే ధర చెప్పండి.

ఇక్కడ అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, చూస్తున్నాను. మీతో నాకు తగాదా లేదు. మీ పిల్లలు పుట్టిన ఇల్లు, మీరు ఇష్టంగా కట్టుకున్న పూజగది. తీసుకెళ్లాలనిపిస్తే తీసుకెళ్లండి. కానీ చూపించకముందే విప్పెయ్యండి, లేదా చూపించేటప్పుడే చెప్పండి. కొనేవాళ్లు ఆ ఇల్లు చూసి మీకు ధర ఇస్తున్నారు. వాళ్లలో చాలామందికి అది జీవితంలో ఒకేఒక్కసారి కొనే ఇల్లు.

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరుసలోంచి ఒకాయన: ‘మేడమ్, మేము కొంటున్న ఇంటిమీద సోలార్ ప్యానెళ్లున్నాయి. అవి వస్తాయాండీ?’)

మంచి ప్రశ్న. మేడకి బిగించి, ఇంటి మీటరుతో కలిపి, ఆ ఇంటి కరెంటు కోసమే పెట్టినవి కాబట్టి ఇంటితో వస్తాయనే నా అభిప్రాయం. కేంద్రం సోలార్ సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్ కింద పెట్టించి ఉంటే మూడు కిలోవాట్లకి రూ.78,000 దాకా సబ్సిడీ అమ్మేవాళ్ల ఖాతాలో పడి ఉండొచ్చు, అది వాళ్ల లెక్క. మీరు చూసుకోవాల్సింది కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో సర్వీసు మీ పేరుకి మారడం, నెట్ మీటరు ఒప్పందం కూడా మారడం. ప్యానెళ్ల మీద లోను బాకీ ఉందేమో అడగండి. ఇన్వర్టరు, ప్యానెళ్ల వారంటీ కార్డులు తీసుకోండి. జాబితాలో ప్యానెళ్లెన్నో రాయండి.

(వెనకనుంచి ఒకావిడ: ‘పెరట్లో చెట్లు, కుండీలు?’)

చెట్లు మీవమ్మా. వేళ్లతో భూమికి అతుక్కున్నవి ఇంటితోనే వస్తాయి. కొబ్బరి, మామిడి, కరివేపాకు, మల్లెపొద అన్నీ. రిజిస్ట్రేషన్‌కి ముందురోజు పనస చెట్టు కొట్టి కలప అమ్ముకుంటే ఊరుకోవద్దు. కుండీలు వాళ్లవి, తీసుకెళ్తారు. కుండీల్లో ఏదైనా మొక్క మీకు మరీ నచ్చితే, అడ్వాన్సు ఇచ్చేరోజే అడిగి ఆ పేజీలో రాయించుకోండి. మొక్కల సంగతి మొహమాటపడకుండా అడగండి, చాలామంది సంతోషంగా ఇచ్చేస్తారు.